ఒకే వరస బెజ్జాలు

మా వీధి గది,
మధ్యాహ్నం భోజనాలయ్యాక

బావమరిదికి బావ ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నిన్న రెండు వాక్యాలు రాసి, కాగితం మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కిందకి తోశాను. బల్ల కుదురుకుంది. నాకే కుదురు లేకపోయింది. మీ అక్క చూసి, "బల్లకి రాసింది చాల్లెండి, మా తమ్ముడికి ఒకటి రాయండి" అంది. అందుకని రాస్తున్నాను. పెద్ద విశేషమేమీ లేదు. కొంచెం గొప్పగా ఉంది, కొంచెం అదోలా ఉంది, అంతే.

ఇక్కడ పాత కార్లవాళ్ళ సంఘం ఒకటుందని చెప్పాను కదా. సెలవు రోజున అందరూ ఒక పాత గోడౌను ముందు చేరి, ఒకరి బండి చుట్టూ ఒకరు ప్రదక్షిణాలు చేస్తుంటారు. వాళ్ళకి నేను సీట్ల శాస్త్రిని. నవ్వకు. నా చదువెంతో నీకు తెలుసు. కార్ల సీట్లు కుడుతూ, వాటి లోపల కూరిన పాత పేపర్లు లాగి చదువుకున్నవాణ్ణి. అందుకే లోకంలో ఏ వార్తా నాకు చివరిదాకా తెలీదు. సగం ఎప్పుడూ స్ప్రింగుకి చుట్టుకుని చిరిగిపోయేది. ఒకసారి ఎవరో పెద్దమనిషి రాజీనామా చేశాడని ముందు సీటులో సగం చదివి, ఎవరో తెలుసుకోడానికి వెనక సీటు కూడా విప్పాను. బండివాడు ఆ సీటు విప్పమని చెప్పనేలేదు. చివరికి తెలిసిందల్లా సబ్బు ప్రకటన. సరే, దారి తప్పాను.

మొన్న సంఘంలోకి ఒక పాత బండి కొత్తగా వచ్చింది. ఇక్కడి బడి హెడ్‌మిస్ట్రెస్‌గారిది. మనం పెద్ద పంతులమ్మగారు అనుకుందాం. వాళ్ళ నాన్న ఇంజనీరట, పోయి చాలాకాలమైంది. ఆయన కొని ఇంటికి తెచ్చిన రోజున బండి ఎలా ఉండేదో అలాగే చెయ్యాలని ఆవిడ పట్టు. ఇంజను సంగతి మెకానిక్ చూసుకుంటున్నాడు. లోపలి సీట్లు కంపెనీవేనా, మధ్యలో ఎవరన్నా మార్చారా అన్నది నేను తేల్చాలి.

"నేను కళ్ళతో చూడను, బొటనవేలితో చూస్తాను" అని ముందే ప్రకటించాను. అందరూ చుట్టూ మూగారు. సంఘం ప్రెసిడెంటు ఎర్రటోపీ అయితే సినిమాకి వచ్చినట్టు స్టూలు తెచ్చుకుని కూర్చున్నాడు. వెనక సీటు ఎత్తించి, కాఫీరంగు రెగ్జిన్ అంచు మడిచి, కింద ఉండే చెక్క పట్టీ మీద వేలు నడిపాను. నా సూత్రం నీకు తెలిసిందే. సీటు కవరుని ఆ పట్టీకి చిట్టి చీలలతో కొడతారు. ఎవరన్నా విప్పి కొత్త కవరు వేస్తే కొత్త చీలలు, కొత్త బెజ్జాలు. రెండు వరసల బెజ్జాలుంటే సీటు మారినట్టు. ఒకే వరస ఉంటే తల్లి కడుపులోంచి వచ్చినది వచ్చినట్టే ఉన్నట్టు. ఒకే వరస తగిలింది. కుట్టు తడిమాను. ఒక్క పోగు తప్పలేదు. "ఇది మనిషి చెయ్యి కాదయ్యా, కంపెనీ మిషను!" అన్నాను.

ఆవిడ మెల్లిగా, "నాకు నీలం సీటు గుర్తండీ. గుడ్డ సీటు, కాళ్ళకి గరగరలాడేది. నా బొమ్మకి ఆ గుడ్డతోనే గౌను ఉండేది కూడా" అంది.

నేనూరుకోవచ్చు కదా. చుట్టూ జనముంటే నా నాలిక నా మాట వినదు. "అమ్మా, చిన్నప్పటి కళ్ళకి ఆకాశం నీలం, సముద్రం నీలం, మీ నాన్నగారు వాయించిన వీపు కూడా నీలమే" అన్నాను. అందరూ ఘొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. "మా నాన్న నన్నెప్పుడూ కొట్టలేదండీ" అంది. మళ్ళీ తనే, "నాకే సరిగ్గా గుర్తు లేదేమో, క్షమించండి" అంది.

క్షమించడానికి నేనెవర్ని? అయినా క్షమించాను, తలూపి మరీ.

వాళ్ళ అటకమీద దొరికిన ఒక మూట కూడా చూపించారు. మట్టి కొట్టుకుపోయిన గుడ్డలు, ఎలకల కంపు. "బండి మీద కప్పే గోనెలు, అవతల పారేయండి" అన్నాను. గ్రీజు తుడుచుకోడానికి పనికొస్తాయని మెకానిక్ పట్టుకుపోయాడు.

రాబోయే ప్రదర్శనలో ఆ బండిని 'లోపల ఏమీ మారని బళ్ళ' వరసలో నిలబెడతారు. నా మాట మీదే. ఫొటో పంపుతున్నాను. చూసి ఆనందించు.

మీ బావ


చెక్కల షెడ్డు,
రంపం ఆపి

బావగారికి నమస్కారాలు. అక్కకి కూడా. బల్లకి కూడా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి మీ గొప్ప కోసం, ఒకసారి నా అనుమానం కోసం. సీట్ల శాస్త్రిగారి సూత్రం మీద వడ్రంగి నోరెత్తకూడదు గానీ, ఒక్కటి అడుగుతాను. బెజ్జాలు చూశారు సరే, ఆ చెక్క ఎవరిదో చూశారా?

మనం కలిసి పనిచేసిన రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బళ్ళు నా షెడ్డుకి వచ్చేవి. నేను సీట్లు ఊడదీసి తోపుడుబండి మీద మీకు పంపేవాణ్ణి. సగం బళ్ళ మొహం మీరు చూడనే లేదు. పాత చెక్కలో కొత్త చీల పట్టదని ప్రతి పట్టీ మార్చి మరీ పంపేవాణ్ణి. "నీ చాదస్తం తగలెయ్య" అని మీరు తిట్టేవారు. నా చేతిలో పడ్డ సీటుకి కవరు ఎన్నిసార్లు మారినా బెజ్జాలు మాత్రం ఒకే వరస బావగారూ.

నేను పట్టీ కొసలు ఏటవాలుగా కోస్తాను, తడి నిలవకుండా. కంపెనీవాళ్ళు నిలువునా తెగ్గొట్టి ఊరుకుంటారు. ఇంకోసారి సీటు ఎత్తి కొసలు తడమండి. ఎలాగూ బొటనవేలితోనే చూస్తారు కదా.

ఇంకోటి. ఆ ఇంజనీరుగారు సన్నగా, పొడుగ్గా, మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకునే మనిషేనేమో కనుక్కోండి. బండి అప్పట్లో నల్లదా? మీ ఫొటోలో ఆకుపచ్చగా ఉంది, రంగు మారితే నేను పోల్చుకోలేను. ఆ మూట మాత్రం పోగొట్టకండి. పోతే వెతికించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

కొసలు నిలువుగా ఉంటే నేను రాసిందంతా మరిచిపోండి. మళ్ళీ మీ కోతలు మీరు కోసుకోవచ్చు.

మీ బావమరిది


మా వీధి గది

శ్రీ బావమరిదిగారికి,

తమ ఉత్తరం అందింది. కొసలు చూశాను. నిలువుగానే ఉన్నాయి. కాబట్టి ఆ చెక్క తమరిది కాదు. లోకంలో ఉన్న ప్రతి చెక్కా తమ షెడ్డులోంచే వచ్చిందని తమరనుకుంటే చెట్లు ఒప్పుకోవు.

బావమరిది బావ బతుకు కోరతాడని సామెత. బాగా బతకాలని కోరతాడని అందులో లేదు. ఇంత వయసొచ్చాక ఇప్పుడే గమనించాను. నలుగురిలో నాకు ఒక మాటంటూ మిగిలింది. దాన్ని కూడా చిత్రిక పట్టకపోతే తమకి తోచదా?

మూట సంగతి నాకు తెలీదు. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

ఇట్లు,
తమ అక్క భర్త

తమ్ముడూ, ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యమని నాకిచ్చారు. అతికించలేదు, అందుకని చదివాను. అతికించినా చదివేదాన్నే. కొసలు నిలువుగా ఉన్నాయన్నది అబద్ధం. అవి చూసొచ్చిన రోజు నుంచి కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు. ఆయన కుడికంట్లో పొర వచ్చింది. ఆపరేషను చేయించుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. బొటనవేలు, బొటనవేలు అని ఊదరగొట్టేది అందుకే. నిన్న సంచిలో ఏదో తెచ్చి పెరట్లో కూర్చుని ఉతుకుతున్నారు. తన చొక్కా ఏనాడూ ఉతుక్కోని మనిషి! ఇల్లంతా కుక్క వాసన. నీకేమన్నా తెలుసా? — అక్క


చెక్కల షెడ్డు

బావా,

గారూ గీరూ ఈసారికి పక్కన పెట్టాను. ముందు నా సంగతి ఒకటి చెప్పాలి, తర్వాతే మీ సంగతి.

మీ మొదటి ఉత్తరం రాగానే షెడ్డులో అందరికీ బిగ్గరగా చదివి వినిపించాను. రంగు మారినా ఆ బండిని నేను ఫొటోలోనే పోల్చుకున్నాను. పోల్చుకోలేనని రాసింది ఒట్టి మాట. 'మనిషి చెయ్యి కాదు, మిషను' అన్నచోట అందరం కడుపులు పట్టుకుని నవ్వాం, తన కుట్టు తానే గుర్తుపట్టని మేస్త్రీ దొరికాడని. మీరే వెళ్ళి కొసలు తడుముకుంటే ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చని, సూటిగా చెప్పకుండా ఊరించాను. అక్క రాసింది చదివాక ఆ నవ్వు గొంతులో చెక్కపొట్టులా అడ్డం పడింది. మీ కన్ను సంగతి నాకు తెలీదు బావా. తెలిసుంటే నవ్వేవాణ్ణి కాదు. నవ్వేవాణ్ణేమో గానీ, పది మందిని పిలిచి నవ్వేవాణ్ణి కాదు.

ఇప్పుడు మూట సంగతి. ఇంజనీరుగారు ఆ బండి నల్లగా ఉన్నప్పుడు నా దగ్గరికి తెచ్చారు. వెనక సీటు నడిమధ్య కత్తెరతో కత్తిరించిన గుండ్రటి బొక్క. "ఎవరండీ ఈ పని చేసింది?" అంటే గొంతు సవరించుకుని, "మా అమ్మాయి. బొమ్మకి గౌను కావాల్సి వచ్చిందట" అన్నారు. "నేను చూస్తానని బొక్క మీద దిండు పెట్టి, దిండు మీద తను కూర్చుంటోంది. ఇల్లొచ్చినా దిగదు" అన్నారు.

"నాలుగు తగిలించకపోయారా?" అన్నాను.

"నాకు తెలుసని దానికి తెలియకూడదయ్యా. అన్ని సీట్లూ మార్చెయ్యి. అదొక్కటే మారిస్తే కనిపెట్టేస్తుంది" అన్నారు.

అలాంటి నీలం గుడ్డ ఎక్కడా దొరకలేదు. అందుకే కాఫీరంగు రెగ్జిన్. మీకు పంపింది పాత కవరు విప్పేసిన ఉత్త సీట్లు, కాగితం మీద గీసిన కొలతలే, ఆ నీలం మీరు చూడనే లేదు. పాత గుడ్డంతా మూటకట్టి ఇవ్వమన్నారు. అమ్మాయి పెద్దదయ్యాక ఒకరోజు చూపించి నవ్విస్తానన్నారు. చూపించలేదన్నమాట.

మీరు ఉతుకుతున్నదాంట్లో బొక్క ఉందేమో చూడండి. ఉంటే ఆవిడకి చెప్పండి, ప్రదర్శనకి ముందే. కావాలంటే నేనూ వస్తాను.

మీ బావమరిది


మా వీధి గది,
సాయంత్రం

ఒరేయ్,

నువ్వు రావద్దు. ఇద్దరం వెళితే నాటకంలా ఉంటుంది. ఒక్కణ్ణే వెళ్ళొచ్చాను.

ముందు కొసల సంగతి. వేలు పెట్టగానే ఏటవాలు తగిలింది. ఆ వేలు వెనక్కి తీసుకోడానికి కాసేపు పట్టింది. నేల చీలితే దూరిపోదామనిపించింది గానీ, అక్కడి నేల సిమెంటుది. ఇంకో మాట, ఇది మీ అక్కకి కూడా చెప్పలేదు. ఒక్క క్షణం సంతోషం వేసిందిరా, నా కుట్టు కంపెనీ కుట్టులా ఉందా అని. ఆ సంతోషం గుర్తొస్తే అసలు తప్పుకంటే ఎక్కువ సిగ్గేస్తోంది. నీకు అబద్ధం రాశాను. రాసేటప్పుడే అక్షరాలు నీ కొసల్లా వంకరపోయాయి.

మెకానిక్ దగ్గరికి పోయి మూట అడిగాను. "ఆ గుడ్డలా? భలే పీల్చుకున్నాయి పెద్దాయనా! ఇంకా ఉన్నాయేంటి?" అన్నాడు. ఒక డ్రమ్ములో నల్లటి ముద్దలు చూపించాడు. వాటిని చూస్తే బొటనవేలు కూడా పెట్టబుద్ధి కాలేదు. ఒక్క ముక్క మాత్రం గోడౌను వాచ్‌మన్ పట్టుకెళ్ళాడట. వెళ్ళి చూస్తే అది వాడి కుక్క కింద ఉంది. కర్రిది దాని పేరు. నేను గుడ్డ అంచు పట్టుకుంటే అది ఇంకో అంచు మీద తల పెట్టుకుని నా వంక చూసింది.

"దాని పక్క లాగేసుకుంటే దానికేం పరుస్తారండీ?" అన్నాడు వాచ్‌మన్.

"ఇంతకంటే మంచిది తెచ్చి పరుస్తాను" అని మాటిచ్చి లాక్కున్నాను. అది కరవలేదు. కరిచినా బాగుండేది, ఏదో ఒకటి జరిగినట్టుండేది.

ఉతికాను. మడత లోపల, ఎండ తగలని చోట, నీలం. ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుంటే నాకు కూడా కనిపించింది. నడిమధ్య నువ్వు చెప్పిన గుండ్రటి బొక్క. మీ అక్క ఇస్త్రీ చేసిచ్చింది.

బడికి వెళితే, పెద్ద పంతులమ్మగారి గది బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తప్పు చేసిన పిల్లల్ని కూర్చోబెట్టే బెంచీ అది. పక్కన రెండు జడల పిల్ల ఒకతి ఉంది.

"తాతా, నువ్వేం చేశావు?" అంది.

"తెలీనిది తెలుసని చెప్పాను."

"అంతేనా? నేను కొరికాను" అంది. దాన్ని ముందు పిలిచారు.

నా వంతు వచ్చేసరికి దారిపొడుగునా కట్టుకున్న మాటలన్నీ ఊడిపోయాయి. గుడ్డ తీసి బల్ల మీద పరిచాను. ఆవిడ చూసి, బొక్కలో చెయ్యి పెట్టి, వేళ్ళు చాపింది.

"మీరు చెప్పిన నీలమేనమ్మా. మీకు గుర్తున్నదే నిజం. ఆ కాఫీరంగు సీటు కుట్టింది నేనే. నా కుట్టు నేనే గుర్తుపట్టలేక మిమ్మల్ని నవ్వులపాలు చేశాను" అన్నాను.

ఆవిడ ఆ మాట విన్నట్టు లేదు. "నాన్నకి తెలుసా?" అంది. బడినంతా ఏలే మనిషి గొంతు కాదురా అది.

నువ్వు రాసిందంతా చెప్పాను, దిండుతో సహా. విని, "సీటు మారగానే బతికిపోయాననుకున్నాను. ఎందుకు మారిందో ఎప్పుడూ అడగలేదు, అడిగితే బొక్క సంగతి బయటపడుతుందని. ఆయన పోయేదాకా అడగలేదు. తర్వాత తర్వాత, నీలం సీటు కూడా నేనే కల్పించుకున్నానేమో అనుకున్నాను" అంది.

మిగతా గుడ్డ ఏదని అడిగింది. గ్రీజు తుడిచారని చెప్పాను. పారేయమన్నది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందని నిలబడి ఎదురుచూశాను. తిట్టలేదు. బయట గంట కొట్టారు, పిల్లలంతా ఒక్కసారి అరిచారు. ఆ గోల సద్దుమణిగాక ఒక్క మాట అంది. "ఆ రోజు అందరి ముందూ అన్నారు కదండీ. ఇది కూడా అందరి ముందే చెప్పండి."

చెప్పాలి. ప్రదర్శన రోజునే. ఇంతకాలం ఆ జనాన్ని చూస్తేనే నాకు నోరు ఊరేది. ఇప్పుడు వాళ్ళని తలుచుకుంటే ఎండిపోతోంది.

కంటి ఆపరేషనుకి ఒప్పుకున్నానని రాయమని మీ అక్క వెనక నిలబడింది. రాశాను.

బావ


చెక్కల షెడ్డు

బావగారికి,

ఆపరేషను రోజుకి వస్తాను. ప్రదర్శనకి రాను. నన్ను చూస్తే మీరు ఏదో ఒక జోకు వేస్తారు, అందరూ నవ్వుతారు, అసలు మాట ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. నవ్వించకుండా చెప్పండి. మీకు అది కుట్టుపని కంటే కష్టమని తెలుసు.

మొదటి ఉత్తరం చదివి వినిపించినవాళ్ళకే ఇది కూడా చదివి వినిపించాను. అది న్యాయమనిపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకటే అడిగారు. ఇంతకీ ఆ కుక్కకేం పరిచారు?

మీ బావమరిది


మా వీధి గది

బావమరిదికి,

చెప్పాను. జోకు వెయ్యలేదు. బండి ముందు నిలబడి, "ఈ సీటు కంపెనీది కాదు, నేను కుట్టింది. అమ్మగారు నీలమన్నది నిజం. ఆవిణ్ణి చూసి మీరంతా నవ్వేలా చేసింది నేను" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నవ్వుతారేమోనని భయపడ్డాను గానీ, నవ్వకపోతే ఎలా ఉంటుందో ముందు అనుకోలేదు. నా వంక చూడకుండా ఉండటానికి ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు.

చివరికి ఎర్రటోపీ, "మా బండి కూడా మీరే చూసి చెప్పారు కదండీ?" అన్నాడు.

"చెప్పాను. మళ్ళీ ఎవరి చేతైనా చూపించుకోండి" అన్నాను.

కొసల సంగతి కూడా చెప్పాను కాబట్టి, ఒక్కొక్కరే జారుకుని తమ తమ సీట్లెత్తి తడుముకోవడం మొదలెట్టారు. నాట్లు వేస్తున్నట్టు మైదానమంతా వంగిన నడుములే. పెద్ద పంతులమ్మగారు తన బండిని ఆ వరసలోంచి తీయించి, చివర్న, ఏ వరసలోనూ లేనిచోట పెట్టించింది. బొక్క ఉన్న గుడ్డ ఆవిడ ఇంట్లోనే ఉంది, ప్రదర్శనకి తేలేదు. "ఈ రెగ్జిన్ విప్పేయండి. అలాంటి నీలం దొరికితే మీరే కుట్టాలి, కన్ను బాగయ్యాక" అంది. నేను తలూపలేదు, సరేనన్నాను.

మర్నాడు విప్పాను. కుట్టు ఊడలేదు. బ్లేడు పెట్టి కోయాల్సి వచ్చింది.

నువ్వడిగిన సంగతి. ఆ రెగ్జిన్ తుడిచి, గోడౌనుకి తీసుకెళ్ళి, రెండు మడతలు వేసి, గోడ నీడన పరిచాను. వాచ్‌మన్ కర్రిదాన్ని పిలిచాడు. అది వచ్చి, చుట్టూ తిరిగి వాసన చూసి, పక్కనే నేల మీద పడుకుంది.

బావ